ఏ పాకం బాగుండాది?

నాకొక చెడ్డ గుణం ఉంది. "నీకేది ఇష్టం?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పను. హోటల్లో కూర్చుంటే పక్కవాళ్ళు ఏది చెబితే నాకూ అదే అంటాను. చీరల అంగడిలో రెండు చీరలు ముందర పరిచి ఏది కావాలమ్మా అంటే, నాతో వచ్చినవాళ్ళ కళ్ళు దేని మీద నిలిచాయో చూసి అదే కట్టించమంటాను. మా ఆయన బతికున్నన్నాళ్ళూ, "ఈమెను అడిగేదాని కంటే గోడనడిగేది మేలు" అని ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అన్నేళ్ళ కాపురంలో నేనెందుకు ఇట్లా తయారయ్యానో ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు, నవ్వుకోవడంతోనే ఇద్దరికీ సరిపోయింది. ఇప్పుడు చెప్పుకుందామంటే వినే మనిషి లేడు గనక కాగితం మీద పెడుతున్నాను.

పోయిన నెల కడప దాకా పోయి వచ్చాను. కడపకు కాస్త ఇవతల, పెన్న ఒడ్డున ఉంది మా అమ్మ పుట్టిన ఊరు. అక్కడ మా మేనమామ కొడుకు పాత ఇల్లు విప్పి కొత్తది కట్టిస్తున్నాడు. అటక మీది సామాను దించుతుంటే ఇత్తడి మరచెంబు ఒకటి దొరికిందనీ, అది నాదేననీ, వచ్చి తీసుకుపొమ్మనీ ఫోన్ చేశాడు. నాదెట్లా అవుతుందప్పా, ఆ ఇంటి గడప తొక్కి డెబ్బై ఏళ్ళయింది కదా అన్నాను. "అబ్బ దాన్ని ఎవురినీ ముట్టనియ్యలేదంట వదినా. మా నాయన చెప్తాండె. అది పాపది, పాప వచ్చినప్పుడు ఇయ్యాల అనేవాడంట. నువ్వు రాకపోతివి" అన్నాడు. మా ఇళ్ళలో అమ్మ నాయనను అబ్బ అంటాం, అమ్మ అమ్మను అవ్వ అంటాం, నాయన అమ్మను జేజి అంటాం. పాప అంటే నేనే. డెబ్బై ఎనిమిదేళ్ళ దాన్ని ఫోన్లో పాప అని వినేసరికి, వస్తానప్పా అనేశాను.

వెళ్ళాను, తెచ్చుకున్నాను. చెంబు నల్లబడి పచ్చబడి ఉంది. మూత మర పూర్తిగా పట్టేసింది. మామ కొడుకు నూనె పోసి, గుడ్డ చుట్టి తిప్పి చూశాడు, కదల్లేదు. ఊపితే లోపల ఏమీ కదిలిన చప్పుడు లేదు గానీ వట్టి చెంబుకు ఉండాల్సిన దానికంటే బరువుంది. కోయించి చూద్దామా అన్నాడు. వద్దప్పా అన్నాను. లోపల ఏముందో నాకు తెలుసు.

కర్నూలుకు తిరుగు ప్రయాణం పొద్దున బండిలో. ఎదురు సీట్లో ఒక కడప అమ్మాయి కూర్చుంది. బెంగుళూరులో ఉద్యోగమట, కర్నూలులో స్నేహితురాలి పెళ్ళికి పోతోంది. తాడిపత్రి దాటాక డబ్బా తీసింది. అందులో మందంగా, మెత్తగా, మన చిన్న దోసెల్లాంటివి నాలుగున్నాయి. సంచిలోంచి వేలెడంత గాజు సీసాలు రెండు తీసి, ఒకదాంట్లోంచి వాటి మీద పోసుకుంది. తేనె అనుకున్నాను. "తేనె కాదవ్వా, మేపుల్ సిరప్. చలి దేశాల్లో ఏదో చెట్టుకు గాటు పెడతారంట. కారిన నీళ్ళు కాచి కాచి పాకం చేస్తారు. మా ఆఫీసులో ఒకామె తెచ్చిచ్చింది. మొదట్లో దించింది లేత రంగు, తర్వాత్తర్వాత దించింది ముదురు రంగు. మా రూములో రోజూ ఇదే తగువు, నాకు లేతది, నాతో ఉండే పిల్లకు ముదురుది" అంది. ఒక దోసెను రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద లేతది, ఒకదాని మీద ముదురుది పోసి నా ముందు పెట్టింది. "రెండూ తిని ఏది బాగుందో చెప్పండవ్వా" అంది.

ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ రైలు పెట్టెలో పొద్దున పూట, రెండు పాకాలు ముందు పెట్టి ఏది బాగుందని నన్ను అడగడం ఇది రెండోసారి. మొదటిసారి నేను చెప్పిన జవాబు వల్ల ఒక ముసలాయన ప్రాణం ఉసూరుమంది. నా బతుకు ఒక ఊళ్ళో సాగాల్సింది ఇంకో ఊళ్ళో సాగింది.

మా అమ్మ రెండో కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. నాకప్పటికి నాలుగేళ్ళు. నాకు గుర్తున్న అమ్మ ఒక పసుపు రంగు కొంగు, అంతే. అమ్మ పోయాక రెండిళ్ళ మధ్య మాటలు పెరిగాయి. కర్నూలులో ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకుపోయినారని అబ్బ వాళ్ళు, ఒంట్లో నెత్తురు లేని పిల్లను పుట్టింట్లో నాలుగు దినాలు ఉంచుకోకుండా తరిమినారని మా జేజి. ఎవరు అన్నది నిజమో నాకిప్పటికీ తెలీదు, ఇద్దరిదీ నిజమే అయ్యుండచ్చు. జేజి ఆ ఇంటి గడప తొక్కనంది. అబ్బ ఈ ఇంట్లో నీళ్ళు ముట్టనన్నాడు. ఇద్దరికీ మిగిలింది నేనొకదాన్ని. బడి కోసం కర్నూలులో జేజి దగ్గర ఉండేట్టు, ప్రతి ఏడూ చలికాలంలో చెరకు ఆడే రెండు నెలలూ అబ్బ ఊళ్ళో ఉండేట్టు పెద్దమనుషులు కూర్చుని ఒప్పించారు. ఒకరి గడప ఒకరు తొక్కరు కాబట్టి నన్ను గుంతకల్లు జంక్షనులో అప్పజెప్పుకునేవాళ్ళు. కర్నూలు నుంచి మీటరు గేజీ చిన్న బండిలో జేజి తెచ్చేది. కడప వైపు పెద్ద బండిలో అబ్బ తీసుకుపోయేవాడు. రెండు నెలల తర్వాత అదే ప్లాట్‌ఫారం మీద మళ్ళీ జేజికి అప్పజెప్పేవాడు. మా నాయన ఈ ప్రయాణాల్లో ఎప్పుడూ రాలేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కొత్తగా వచ్చిన ఆఫీసుల్లో గుమాస్తా ఆయన, సెలవు దొరకదనేవాడు. అడిగాడో లేదో నేను చెప్పలేను.

ప్రయాణం నాడు జేజి కోడి కూయక ముందే లేచేది. నేను లేచేసరికి ఇల్లంతా రెండు వాసనలు. ఒకటి పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన, ఇంకొకటి కాస్త మాడిన బెల్లం వాసన. జేజి పాకం నల్లనిది. పాత నల్లబెల్లం దంచి, ఇనుప బాణలిలో గుక్కెడు నీళ్ళు పోసి, శొంఠి, మిరియాలు వేసి కాచేది. తీగ పాకం వచ్చాక కూడా దించేది కాదు. అంచుల దగ్గర మాడు వాసన మొదలైందాకా గరిటె తిప్పుతూ నిలబడేది. "పాకం నోట్లో తెలియాల మే. నీళ్ళు తాగినట్ల తాగేస్తే అదేం పాకం" అనేది. ఆమె తిండి అంతా అంతే, ఘాటుగా, ముదురుగా, మరిచిపోవడానికి వీల్లేకుండా ఉండేది. మనిషి కూడా అంతే. నన్ను ముద్దు పెట్టుకున్న గుర్తు లేదు గానీ, జ్వరమొస్తే మూడు రాత్రులు కూర్చునే గడిపేది. కోపమొస్తే నాలుగు దినాలు మాట్లాడేది కాదు. అన్నం పెట్టేది, జడ వేసేది, మాట మాత్రం ఉండేది కాదు. దెబ్బలు తిన్న పిల్లలను చూసి నేను కుళ్ళుకునేదాన్ని, వాళ్ళది ఒక్క పూటలో అయిపోతుంది కదా అని.

డోను దాకా డబ్బా తీసేది కాదు జేజి. కర్నూలు బండిలో తెలిసినవాళ్ళు ఉంటారు, తింటుంటే చూస్తారు, దిష్టి తగులుతుందని ఆమె లెక్క. వెల్దుర్తి దగ్గరే నా కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. డోనులో బండి మారి, ఆ బండి కదిలాక అప్పుడు సత్తు డబ్బా మూత తీసేది. రొట్టె విరిచి, నెయ్యి రాసి, దాని మీద గరిటెతో పాకం పోసి చేతికిచ్చేది. కిటికీలోంచి ఇంజను బొగ్గు నుసి వచ్చి మొహాన, బట్టల మీద, రొట్టె మీద పడేది. జేజి పాకంలో నుసి పడినా కనబడేది కాదు, రెండూ ఒకటే రంగు. రెండు పక్కలా ఎర్ర నేల, బండలు, తంగేడు పొదలు. మద్దికెర వచ్చేసరికి నా వేళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకునేవి. జేజి చెంగు తడిపి తుడిచి, "మీ అబ్బ చూస్తే పిల్లను కడగకుండా తెచ్చినారంటాడు" అనేది.

గుంతకల్లులో పెద్ద బండి ఎక్కాక అబ్బ మూట విప్పేవాడు. అవ్వ తెల్లవారకముందే పోసిన బియ్యప్పిండి దోసెలు, విస్తరాకులో చుట్టినవి. మందంగా, నిండా కన్నాలతో, చేతిలో పట్టుకుంటే వాలిపోయేంత మెత్తగా ఉండేవి. దానికి తోడు మరచెంబులో పాకం. అబ్బ పాకం బాణలిలో కాచింది కాదు, చెరకు ఆడేచోట పెద్ద పెనంలోంచి ముంచింది. చెరకు రసం మరిగేటప్పుడు బెండచెట్టు కాడల జిగురు వేస్తే మడ్డి పైకి తేలుతుంది. ఆ మడ్డి తీసేశాక, రసం ఇంకా బెల్లంగా మారకముందు, తేనె రంగు తిరిగిన ఒక్క గడియ ఉంటుంది. అప్పుడు ముంచాలి. కాసేపు ముందైతే పచ్చి వాసన, కాసేపు ఆగితే గట్టిపడుతుంది. అబ్బ ఎన్ని పనులున్నా ఆ గడియకు పెనం పక్కన నిలబడేవాడు. నా కోసమని ప్రతి ఏడూ మొదటి పెనంలోంచే ముంచేవాడు. ఆ పాకం పోస్తే దోసె మీద నిలబడేది కాదు, కన్నాల్లోంచి లోపలికి దిగిపోయేది. చెరకు వాసన, కొంచెం పొగ వాసన, అంతే. దాంట్లో నుసి పడితే మాత్రం ప్రతి రవ్వా కనబడేది. అబ్బ విస్తరాకు ఈనె ఒకటి విరిచి, దాని కొసతో ఒక్కొక్క నుసి రవ్వనే తీసి కిటికీలోంచి విదిలించి, అప్పుడు నాకు పెట్టేవాడు. ముద్దనూరు దాకా ఇదే పని. పలుచటి మనిషి, గట్టిగా మాట్లాడితే ఎవరికైనా నొప్పి పుడుతుందేమోనన్నట్టు మాట్లాడేవాడు. అబ్బకు కోపం వచ్చింది నేను చూడలేదు.

నాకు ఏ పాకం ఇష్టమంటే, అబ్బదే. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. జేజి పాకం నాలుక మీద మంటగా ఉండేది, మిరియం గొంతులో పడి దగ్గు వచ్చేది. కానీ జేజి నాకొక పద్ధతి నేర్పింది. "పెట్టినోళ్ళ ఎదురుంగ వాళ్ళదే బాగుందనాల. అనకపోతే తల్లి లేక పెంపకం లేదంటారు." నేను ఆ పద్ధతిని శ్రద్ధగా పాటించాను. "మీ అబ్బ పాకం ఎట్లుండాది?" అని జేజి అడిగితే "నీళ్ళ మాదిరి ఉండాది జేజీ, నీదే బాగుండాది" అనేదాన్ని. జేజి పైకి ఏమీ అనేది కాదు గానీ ఆ పూట ఇంకొంచెం నెయ్యి పడేది. అబ్బ దగ్గర చేరాక అడక్కుండానే "జేజిది చేదు అబ్బా, నీదే బాగుండాది" అనేదాన్ని. అబ్బ మాత్రం, "అట్లనగూడదు తల్లీ, ఆమె పొద్దున్నే లేచి చేసింటాది" అనేవాడు. రెండు ఊళ్ళ మధ్య వంద మైళ్ళున్నాయి, వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. నా రెండు నాలుకలూ ఎప్పటికీ కలుసుకోవనే అనుకున్నాను.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు మా నాయనకు మళ్ళీ పెళ్ళి కుదిరింది. అదే చలికాలం మా అవ్వ మంచం పట్టింది. "కూతురు ఎట్లాగూ లేదు, దాని బిడ్డనన్నా నా కళ్ళ ముందు పెట్టండి" అని అవ్వ ఏడుస్తోందనీ, కొత్త పెళ్ళాం వచ్చే ఇంట్లో పిల్ల ఎందుకు, ఇక మా దగ్గరే ఉంచుకుని చదివిస్తామనీ అబ్బ మనిషి చేత కబురు చేశాడు. నాయన అవుననలేదు, కాదనలేదు. "పెద్దోళ్ళు మీరే తేల్చుకోండి" అన్నాడు. తేల్చడం ఎట్లా? మా ఇళ్ళలో తల్లి లేని బిడ్డను 'ఎవరి దగ్గర ఉంటావు' అని నోరు తెరిచి అడగడం పాపం. అడిగితే బిడ్డ ఒకరిని కాదనాలి, ఆ ఉసురు పోయిన తల్లికి తగులుతుందని నమ్మేవాళ్ళు. అందుకని అసలు సంగతి అడగరు. ఇంకేదో అడుగుతారు, బిడ్డ దేనికి చెయ్యి చాపిందో, ఎవరిది బాగుందన్నదో చూస్తారు, దాన్నే జవాబుగా తీసుకుంటారు. ఒకసారి తీసుకున్నాక మళ్ళీ అడగరు. ఈ ఆచారం అందరికీ తెలుసు, ఒక్క బిడ్డకు తప్ప. బిడ్డకు తెలిస్తే ఇక అది అడిగినట్టే కదా.

ఆ ఏడు డోను ప్లాట్‌ఫారం మీద దిగేసరికి అబ్బ అక్కడ నిలబడి ఉన్నాడు. గుంతకల్లులో ఉండాల్సిన మనిషి రెండు బండ్లు మారి ఎదురొచ్చాడు. భుజాన కంబళి, ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో మరచెంబు. నేను పరిగెత్తుకుంటూ పోయి కాళ్ళకు చుట్టుకున్నాను. జేజి ఉన్నచోటే నిలబడిపోయింది. ఎందుకొచ్చాడో ఆమెకు అప్పుడే తెలిసిందని ఇప్పుడు నాకు తెలుసు. "బాగుండావామ్మా?" అన్నాడు అబ్బ. "ఉండామన్నా" అంది జేజి. అయిదేళ్ళలో వాళ్ళు ఒకరితో ఒకరు ఆడిన మొదటి మాటలవి.

ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్నారు. నేను జేజి పక్కన, కిటికీ దగ్గర. నాకు పండగలాగా ఉంది, ఇద్దరూ ఒకేచోట ఉన్నారని. బండి కదిలింది. జేజి సత్తు డబ్బా తీసింది. అబ్బ మూట విప్పాడు. ఒకరి తిండి ఒకరు చూడనట్టే కూర్చున్నారు. నాకు ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో దోసె. అబ్బ ఆకు ఈనెతో నుసి తీస్తున్నాడు. ఆ పొద్దు గాలి మా వైపే ఉంది, ఎంత తీసినా పడుతూనే ఉంది. పెండేకల్లు దాటాక అబ్బ ఈనె పక్కన పెట్టి, పంచె అంచుతో చేతులు తుడుచుకున్నాడు.

"పాపా, రెండూ తినినావు కదా. ఏ పాకం బాగుండాది?"

జేజి చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు, అవతలి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

నేను అబ్బ మొహం చూశాను. నవ్వుతూ ఉన్నాడు. జేజి మొహం పక్కనుంచి చూశాను. దవడ బిగుసుకుని ఉంది. నాకు నేర్పిన పద్ధతి ఈ పెట్టెలో పనికి రాలేదు, పెట్టినవాళ్ళు ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు. కాబట్టి నా అంతట నేను ఇంకో లెక్క వేసుకున్నాను. అబ్బది బాగుందంటే జేజికి కోపమొస్తుంది. రెండు నెలల తర్వాత తిరిగొచ్చినా ఆ కోపం ఇంట్లో నా కోసం కూర్చునే ఉంటుంది. జేజిది బాగుందంటే అబ్బ ఏమీ అనుకోడు. అబ్బకు కోపం రాదు. సాయంత్రం ఆయన ఇంట్లో కూర్చుని, నీదే బాగుందని చెవిలో చెప్పచ్చు. తొమ్మిదేళ్ళ బుర్రకు ఇది శానా తెలివైన లెక్క.

"జేజిదే" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నమ్మరేమోనని, "నీది నీళ్ళ మాదిరి ఉండాది అబ్బా" అని కూడా అన్నాను.

అబ్బ నవ్వు పోలేదు, అట్లాగే ఉండిపోయింది. "సరే తల్లీ" అన్నాడు. మరచెంబు మూత తీసుకుని, మర సరిగ్గా కూర్చునేదాకా మెల్లగా తిప్పాడు. సగానికి పైగా పాకం ఇంకా లోపలే ఉంది. ఆకులో మిగిలిన దోసెలు మడిచి మూట కట్టాడు. "బిడ్డ చెప్పింది కదమ్మా" అన్నాడు జేజితో. జేజి తల వంచుకుని డబ్బా మూత వేసింది. గెలిచిన మనిషి మొహం అట్లా ఉండదని నాకప్పుడు తెలీదు.

గుంతకల్లులో దిగాం. అవతల పెద్ద బండి నిలబడి ఉంది. అబ్బ నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా సదువుకో తల్లీ. మీ జేజి మాట విను" అన్నాడు. నేను నా గుడ్డల మూట తీసుకుని ఆయన వెంట అడుగేశాను. జేజి నా రెక్క పట్టుకుంది.

"మనం కర్నూలుకే పోతాండాము."

"ఏంటికి? నేను అబ్బతో పోవాల కదా."

"నువ్వే చెప్పితివి కదా మే, గమ్మునుండు."

ఏం చెప్పానో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అబ్బ పెట్టె తలుపు దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. అరిస్తే వినబడే దూరమే. నీదే బాగుండాది అబ్బా అని ఒక్క మాట అరిస్తే చాలు. ఆ మాట గొంతులోకి వచ్చింది, నాకు బాగా గుర్తు. కానీ జేజి చెయ్యి నా రెక్క మీద ఉంది, జేజి నా పక్కనే ఉంది, ఆమె వింటుంది. నోరు రాలేదు. పెద్ద బండి కూత వేసి కదిలింది. అబ్బ చెయ్యెత్తాడు. ఆ చేతిలోనే మరచెంబు ఉంది.

ఆ ఏడు చెరకు ఆడటం అయిపోకముందే అవ్వ పోయింది. కార్డు వచ్చింది, నాయన ఒక్కడే పోయి వచ్చాడు. పెళ్ళి జరిగి పిన్నమ్మ వచ్చింది. ఆమె మంచిదే. చెడ్డదైతే నాకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. మరుసటేడు చలికాలం వస్తే అబ్బ వస్తాడని నెలంతా చూశాను. రాలేదు. బిడ్డ తన నోటితో కాదన్నాక ఇక పిలవకూడదు, అది ఆచారం. ఆ పైయేడు ఇంకో కార్డు వచ్చింది. ఈసారి అబ్బ. చెరకు పెనం పక్కనే కూర్చుని కూర్చునే పోయాడట. జేజి ఆ కార్డు చదివించుకుని, ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

జేజి మీద కోపం పెట్టుకుందామని చాలా ఏళ్ళు ప్రయత్నం చేశాను. నా పెళ్ళయ్యి, ఇద్దరు బిడ్డలు పుట్టాక, ఆమె ఆఖరి రోజుల్లో నేను దగ్గరుండి చూసుకున్నాను. చూపు పోయింది, పళ్ళు పోయాయి, జొన్నరొట్టె పాలలో నానబెట్టి పెట్టేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ పొద్దు బండ్లో నువ్వు నా మొగం జూసి చెప్పినావు మే. నాకప్పుడే తెల్సు" అంది. ఏ పొద్దో, ఏ బండో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. "తెలిసీ మళ్ళ ఏంటికి ఊరకుంటివి?" అన్నాను. నా గొంతు లేచింది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని, "కొత్త కోడలు వస్తాండాది. కొడుకు దాని మనిషి అయితాడు. నువ్వూ పోతే నాకు ఈ ఇంట్లో ఎవురుండారు?" అంది. ఆ తర్వాత కోపం నిలవలేదు. ముప్ఫై ఏళ్ళు మోసిన కోపం ఒక్క మాటతో పోతే మనిషికి తేలికగా ఉండాలి. నాకు మాత్రం చేతిలో ఏమీ మిగల్లేదనిపించింది.

ఇప్పుడు ఆ చిన్న బండి లేదు, బొగ్గు ఇంజను లేదు, కిటికీకి అద్దం బిగించి ఉంది. గుత్తి దాటిన బండి నేరుగా డోనుకు పోతుంది, గుంతకల్లు ముఖమే చూడదు. నన్ను అప్పజెప్పుకున్న ఊరు దారిలోంచే పోయింది. నా మనవలను పొద్దున లేచింది మొదలు అదా ఇదా అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళు క్షణంలో చెప్పేస్తారు, మరు క్షణంలో మార్చేస్తారు. ఎవరికీ ఏమీ కాదు. వాళ్ళను చూస్తే ఒకోసారి కుళ్ళు పుడుతుంది, ఒకోసారి భయమేస్తుంది. ఎదురుగా కూర్చున్న ఆ అమ్మాయి సీసాలు రెండూ ఆమెవే. ఏది బాగుందన్నా ఆమెకు పోయేదేమీ లేదు.

మొదట ముదురుది తిన్నాను. చేదు కొసతో, కాస్త మాడు వాసనతో ఉంది. శొంఠి లేదు గానీ జేజి గుర్తొచ్చింది. తర్వాత లేతది. అది అబ్బ పాకం కాదు, చెరకు వాసన లేదు, ఆ చెట్టేదో నాకు తెలీదు. కానీ ముక్కలోకి దిగిపోయిన తీరు అదే. నాలుక మీద బరువు లేకుండా పోవడం అదే. నా ఒళ్ళో మరచెంబు ఉంది. తల వంచి, ఆ పట్టేసిన మూత మీదికి, "నీదే బాగుండాది" అన్నాను. అరవై తొమ్మిదేళ్ళు ఆలస్యంగా, ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాను.

"ఏమన్నారవ్వా? ఏది బాగుంది?" అంది ఆ అమ్మాయి. ముదురు సీసా ఇంకా ఆమె చేతిలోనే ఉంది, కళ్ళు పెద్దవి చేసుకుని నా మొహంలోకి చూస్తోంది.

"రెండూ బాగున్నాయి తల్లీ" అన్నాను.